అక్క కూడా రక్తం ఇచ్చింది

లిఫ్టులు బాగుచేసే అతను తాగుడు మానేసి ఆరేళ్లు దాటింది. అంతకుముందు పద్నాలుగేళ్లు తాగాడు. ఒకరోజు ఎనిమిదో అంతస్తులో, లిఫ్టు పైకప్పు మీద నిలబడి బోల్టు బిగిస్తుంటే చెయ్యి వణికి స్పానర్ జారిపోయింది. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆ పూటే పని వదిలేసి ఆసుపత్రి మెట్లెక్కాడు.

వాళ్ల నాన్న తాగి తాగి పోయాడు. తాతా అంతే. అందుకే అప్పట్లో వైద్యం చేసిన డాక్టరమ్మ ఈమధ్య అతన్ని పిలిపించింది. వ్యసనాలకూ మానసిక జబ్బులకూ జన్యువులతో ఉన్న సంబంధం మీద పరిశోధన జరుగుతోందనీ, అలాంటి కుటుంబాల రక్తం కావాలనీ చెప్పింది. అతను సరేనన్నాడు. అయితే తోడబుట్టినవాళ్లు కూడా రావాలంది.

అతనికి ఒక్కతే అక్క. బట్టలు కుట్టే కార్ఖానాలో సూపర్‌వైజరు. తమ్ముడు ఎక్కడ పడిపోయినా వెతికి ఇంటికి చేర్చిన మనిషి. ఆ ఇంట్లో గట్టిపిండం ఆమే అని అందరూ అనేవారు. రమ్మంటే మొదట ఒప్పుకోలేదు.

"తాగింది నువ్వు, సూదిపోటు నాకా?" అంది.

రెండు వారాలు ఆ మాటే ఎత్తనివ్వలేదు. తర్వాత తనే ఫోన్ చేసి, శనివారం సెలవు పెట్టానని చెప్పింది.

ఆసుపత్రిలో ఇద్దరినీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. అతని వంతు పావుగంటలో అయిపోయింది. అక్క గది తలుపు గంట దాటినా తెరుచుకోలేదు. బయటికొచ్చేసరికి ఆమె ముక్కు ఎర్రబడి ఉంది, మోచేతి మడతలో దూది. అతని పక్క కుర్చీలో కూలబడింది.

"తొమ్మిదేళ్ల నుంచి మాత్రలు వేసుకుంటున్నానురా. దిగులుకి. మీ బావకు తప్ప ఎవరికీ తెలీదు."

అతను మనసులో లెక్కేసుకున్నాడు. తొమ్మిదేళ్ల కిందటంటే తను ఒళ్లు తెలియకుండా తాగుతున్న రోజులు.

"నావల్లేనా అక్కా?" అన్నాడు.

"అలా అయితే తేలిగ్గా ఉండేది. నిన్ను తిట్టిపోసి ఊరుకునేదాన్ని."

ఒకరి తాగుడూ ఇంకొకరి దిగులూ ఎక్కణ్ణుంచి వచ్చాయని ఇద్దరూ వెళ్లి డాక్టరమ్మను అడిగారు. ఇది ఏ ఒక్క జన్యువు పనీ కాదని, ఎన్నో జన్యువులు తలా కాస్త చెయ్యి వేస్తాయని ఆమె చెప్పింది. వాటిలో కొన్ని ఒకే ఇంట్లో ఒకరిని తాగుడు వైపు, ఇంకొకరిని దిగులు వైపు నెట్టవచ్చు. నెట్టినంత మాత్రాన పడితీరాలని లేదు. బతికిన తీరూ, పడ్డ కష్టాలూ అందులో కలుస్తాయి. ఇది పరిశోధనే కాబట్టి వాళ్లిద్దరి రక్తంలో ఏముందో మాత్రం విడిగా చెప్పరు.

"మరి మాకేం లాభం?" అన్నాడు.

"ఇప్పటికైతే ఏమీ లేదు," అంది డాక్టరమ్మ. ఆ ముక్కుసూటి జవాబు అతనికి నచ్చింది.

అప్పటినుంచి అక్క డాక్టరు దగ్గరికి వెళ్లే రోజున బండి మీద తీసుకెళ్లేది తమ్ముడే. ఒకసారి దారిలో, బాగానే ఉంది కదా, మాత్రలు మానేస్తానంది ఆమె.

"మానడంలో నేను నీకంటే సీనియర్ని. డాక్టర్ని అడక్కుండా మానావంటే ఊరుకోను," అన్నాడు.

మొన్న, ఏళ్ల తరబడి తన ఇంటి గుమ్మం దాటని బాబాయి, వాళ్ల నాన్న తమ్ముడు, ఈ సంగతి విని అక్కకు ఫోన్ చేశాడు. ఆ రక్తం ఎక్కడ తీస్తారని అడిగాడు. ఆమె తమ్ముడికి కబురు చేసింది. ఇద్దరూ కలిసి ఆయన్ను తీసుకురావడానికి బయల్దేరారు.