రాజేశం గుట్ట మీది టేకు

బాలమ్మకు కోపం ఎక్కువని గొల్లపల్లి చుట్టుపక్కల అందరూ అంటారు. ఆమె పడ్డ కష్టం మీరు పడి ఉంటే మీకూ వచ్చేది. ఆమె నర్సరీలో కూలికి మొక్కలు పెంచుతుంది. అంతటితో ఊరుకోవచ్చు కదా, ఊరుకోదు. తీసుకుపోయిన రైతు వాటిని బతికించాడో లేదో చూసేదాకా ఆమెకు అన్నం సయించదు.

అదే ఊరి రైతు రాజేశానికి ఊరవతల మూడెకరాల గుట్ట భూమి ఉంది. రాళ్లు తప్ప ఏమీ పండదు. ఆమే వెంటపడి అందులో టేకు పెట్టించింది. వాననీరు నిలవాలని ప్రతి మొక్క చుట్టూ రాళ్ల కట్ట వేయించింది. రెండు ఎండాకాలాలు బిందెలెత్తుకుని అతనితో పాటు గుట్టెక్కింది. నాలుగేళ్లకు చెట్లు మనిషిని దాటాయి. వాటిని చూసి పక్క రైతులు కూడా పెడతామన్నారు.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. నర్సరీకి తాళం పడింది. బాలమ్మ కూడా జగిత్యాల రోడ్డు మీద, నిరసనగా అక్కడే వండుకు తినే వంటావార్పుకు పోయి పొయ్యి దగ్గర కూర్చుంది. కట్టెలు పచ్చివి, పొగ తప్ప మంట లేదు. ఒక కొమ్మకున్న లేత ఆకు తుంచి నలిపింది. ఆకు రసానికి అరచెయ్యి ఎర్రబడింది. టేకు. ఆ దరిదాపుల్లో లేత టేకు ఉన్నది ఒక్క రాజేశం గుట్ట మీదనే.

"గిది ఎవడు నరికిండు?"

రాజేశమే ముందుకొచ్చాడు. "నేనేనక్కా. రోడ్డుకు అడ్డమేసుటానికి ఇచ్చిన. మిగిలినయి పొయ్యిలకు పెట్టిండ్రు. తెలంగాణ కోసమే గద."

"నేను గూడ తెలంగాణ కోసమే అచ్చిన. నా చేతులు నరుక్కొని రాలే."

ఆకలవుతున్నా ఆమె ఆ అన్నం ముట్టలేదు. ఇంటికి పోయి రంపం తీసుకుని గుట్టెక్కింది. చెట్లన్నీ గొడ్డలితో నడుమెత్తున నరికి ఉన్నాయి. మొద్దులు నిలువునా చీలాయి. అట్లా వదిలేస్తే నీళ్లు దిగి మురిగిపోతాయి, నేలమట్టానికి నున్నగా కోస్తే మళ్లీ చిగురేయొచ్చు. నాలుగేళ్లు నాటడం నేర్పింది, సాకడం నేర్పింది, కోయడం మాత్రం నేర్పలేదు. అందుకే రాజేశం మీద కంటే తన మీదే ఎక్కువ మండిపడింది.

ఒక్కొక్క మొద్దునూ నేలమట్టానికి కోస్తుంటే రాజేశం వచ్చి పక్కన నిలబడ్డాడు. పక్క రైతులు మొక్కలు వద్దన్నారట, పెంచేది మేము, నరికేది ఊరు అన్నారట. ఆ మాట చెప్పి, ఆమె కోసిన మొద్దు మీది పొట్టు చేత్తో తుడిచాడు.

"ఎన్ని చిగురేస్తయక్కా?" అని అడిగాడు.

"గొడ్డలి లేపెటప్పుడు అడుగాల్సిన మాట గది," అంటూ రంపం అతని చేతిలో పెట్టింది.