భీమశంకరరావు మధ్యాహ్నపు కునుకు

అనకాపల్లి బెల్లం మార్కెట్లో భీమశంకరరావు కొట్టు ఎక్కడని అడిగితే బోర్డు పేరు ఎవరూ చెప్పరు. "మద్దేన్నం గురక ఇనపడతాది సూడండి, అదే" అంటారు. భోజనం కాగానే ఖాళీ గోనె సంచులు మడిచి తలకింద పెట్టుకుని, కొట్లోనే ఒక కునుకు తీస్తాడాయన. ఆ వేళలో ఎంత పెద్ద బేరం వచ్చినా గుమాస్తా త్రినాధరావు అరుగు మీదే కూర్చోబెట్టేస్తాడు. నవ్వేవాళ్లను నవ్వనీ! లేచి ముఖం కడుక్కుని, బెల్లం దిమ్మ అంచు గిల్లి నోట్లో వేసుకున్నాడంటే మాత్రం ఆయన పాడిన ధరకు తిరుగుండదు.

అలాంటి కునుక్కి ఈ ఏడాది గండం వచ్చిపడింది. కూతురు బిందుమాధవి పదో తరగతి. స్కూలువాళ్లు తల్లిదండ్రులను పిలిచి, పిల్లలతో పాటు మీరూ మేలుకోవాలని చెప్పారు. అంతే, భీమశంకరరావు ఆ మాట పట్టుకుని వదిలితే ఒట్టు. రాత్రుళ్లు పిల్ల పుస్తకం ముందు, తను పిల్ల ముందు, ఇద్దరి మధ్యా టీ ఫ్లాస్కు. పగటి కునుకు కూడా మానేశాడు. పిల్ల నిద్ర మానుకుని చదువుతుంటే తండ్రి సంచుల మీద దొర్లడమేమిటని సిగ్గుపడ్డాడట!

"దాని మొహం చూడండి, ఎలా పీక్కుపోయిందో" అంది భార్య వరహాలక్ష్మి.

"పరీక్షలయ్యేక పడుకుంటాదిలే" అన్నాడు. మహా తెలిసినట్టు!

ఒకరోజు యార్డులో దేవరాపల్లి రైతు ఎర్రయ్య బెల్లం వేలానికి వచ్చింది. రెండో రకం సరుకు, రంగు చూస్తేనే తెలుస్తోంది. భీమశంకరరావు ఒక ధర పాడాడు. పాట నడిపే సూర్యనారాయణ, ఇంకెవరైనా పెంచుతారేమోనని ఆ ధరనే గట్టిగా అరిచాడు. నిలుచున్నచోటే కునుకు పట్టిన భీమశంకరరావు ఉలిక్కిపడి, ఎవరో పోటీకి వచ్చారనుకుని పెంచాడు. సూర్యనారాయణ బిత్తరపోయి అదీ అరిచాడు. ఈయన మళ్లీ పెంచాడు! ఎదురు పాడే నాథుడు ఒక్కడూ లేడు. తన పాట మీద తనే ఎక్కుతూ పోయాడు.

"సావుకారుబాబూ, ఇంకోపాలి పాడండి. మా ఇంటికి రంగులేయించేత్తాను" అన్నాడు ఎర్రయ్య.

యార్డంతా విరగబడి నవ్వింది. పాడిన మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆయనకు లేదు. మొదటి రకం ధరకి రెండో రకం బెల్లం కొని, తల దించుకుని ఇంటికి పోయాడు.

ఇంట్లో బిందుమాధవి గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది. చేతిలో ప్రీఫైనల్ లెక్కల పేపరు. చిన్నప్పుడే కొట్లో తూకాలు నోటితో కూడేసిన పిల్ల! మొదటి పేజీ ముత్యాల్లా రాసి, రెండో పేజీలో చేసిన లెక్కనే మళ్లీ చేసింది. ఆ తర్వాత పెన్ను గీత కిందికి జారిపోయి ఉంది.

"నాకు లెక్కలు రావు నాన్నా. ఇన్నాళ్లూ వచ్చనుకున్నాను, అంతే. నేను మొద్దుని. ఎంపీసీ వద్దు, ఇంకేదైనా చదువుతాను."

ఆయన పేపరు అందుకున్నాడు. మార్కులు పోతే పోయాయి, పిల్లకి తన బుర్ర మీదే నమ్మకం పోయిందే! పేపరు అటూ ఇటూ తిప్పాడు. చేసిన లెక్కే మళ్లీ చేసింది. తనూ అంతేగా, పాడిన పాట మీదే మళ్లీ పాడాడు.

"ఈవేళ నేనేం చేసేనో చెప్పనా?" అని, సూర్యనారాయణ అరుపుతో సహా ఆడి చూపించాడు.

పిల్ల కళ్లు తుడుచుకోకుండానే పకపకా నవ్వింది. "నీ మీద నువ్వేనా నాన్నా?"

"నేనే! అయితే నాకు బేరం చెయ్యడం రాదంటావా?"

"రాకపోవడమేటి? నీకు నిద్ర చాల్లేదు."

"మరి నీకో?"

బిందుమాధవి పేపరు లాక్కుని, జారిపోయిన పెన్ను గీత మీద వేలు పెట్టింది. ఇద్దరూ చెప్పేదాకా ఆగకుండా వరహాలక్ష్మి పక్కలు పరిచేసింది.

ఆ రోజు నుంచి ఫ్లాస్కు అటకెక్కింది. కొట్లో గురక మళ్లీ మొదలైంది. అయినా తండ్రి ప్రాణం ఊరుకుంటుందా? లెక్కల పరీక్షనాడు చీకటితోనే పిల్లను లేపుదామని గుమ్మం దాకా వెళ్లాడు. వరహాలక్ష్మి గరిటె చూపించేసరికి నోరు మూసుకుని వెనక్కి వచ్చాడు.

పరీక్ష వదిలేసరికి ఎండ మండిపోతోంది. పిల్లలూ తల్లిదండ్రులూ గేటు దగ్గర ఒకటే గోల. గోడ నీడన స్కూటరు మీద భీమశంకరరావు నోరు తెరిచి గుర్రుపెడుతున్నాడు. భుజం తట్టి లేపింది బిందుమాధవి. ఆయన గబుక్కున కళ్లు నులుముకుని, అడగాలో వద్దో తెలియక పిల్ల మొహంలోకి చూశాడు.

పేపరు ఎలా ఉందో ఆమె చెప్పలేదు. "నాకు లెక్కలొచ్చు నాన్నా" అంది.