డబ్బా తెరవని మేడం

పోయిన మంగళవారం పొద్దున మా అక్క ఫోన్ చేసింది. "చెల్లె, మన మేడం పోయిందట. ఫోను సదివి చెప్పింది. కొత్త గొంతు గదా, తప్పు సదివిందేమో అని మళ్ళ మళ్ళ ఇన్న. గదే చెప్తున్నది" అన్నది. కోరుట్లలో తెలిసినవాళ్లను అడిగాను. నిజమే. టీ పెట్టుకుంటూ పొయ్యి దగ్గరే కూలబడ్డారట. ఆస్పత్రికి తీసుకుపోయేలోపే అయిపోయింది.

మా అక్కకు చూపు లేదు. ఎవరేం పంపినా ఫోనులోని యంత్రపు గొంతు చదివితేనే ఆమెకు తెలుస్తుంది. ఆ గొంతు ఎంత తియ్యగా ఉన్నా అక్కకు దాని మీద నమ్మకం తక్కువ. ఎందుకంటే ఆమెకు మొట్టమొదట తెలుగు చదివి వినిపించిన యంత్రపు గొంతు మేడంది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. బోర్డు మీద ఎవరైనా తన పేరు రాస్తే "నా పేరుతోని మీకేం పని, పాఠం రాసుకోండ్రి" అని చేత్తోనే తుడిచేసే మనిషి. మేడం అనే పిలిచాం, మేడం అనే ఉండనిస్తాను.

జగిత్యాల బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె మాకు కంప్యూటర్ ల్యాబ్ చెప్పేవారు. కోరుట్ల నుంచి రోజూ స్కూటీ మీద వచ్చేవారు. పుట్టిల్లు గంభీరావుపేట దగ్గర పల్లె. తండ్రి కల్లు గీయడానికి తాటిచెట్లు ఎక్కిన మనిషి. ల్యాబ్‌లోకి రాగానే టిఫిన్ డబ్బాను ఏదో ఒక మానిటర్ నెత్తిన పెట్టేవారు. ఇక అది అక్కడే. మాలో ఏ ఒక్కరి ప్రోగ్రాం ఆడకపోయినా ఆమె మెతుకు ముట్టేవారు కాదు. ఆ పిల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. "మేడం, అందరియి ఆడినయి" అని మేం గట్టిగా చెప్పాకే డబ్బా మూత చప్పుడయ్యేది. ఒక్కోరోజు ఆ చప్పుడు సాయంత్రం దాకా వినపడేది కాదు. "మేడం, మీరు తినుండ్రి, మేం చూసుకుంటం" అంటే, "కుండ పొయ్యి మీద పెట్టి తినుకుంట కూసుంటరా ఎవరన్న? ఉడికినంక తింట" అనేవారు. ఆమె ఆకలి మా మెడ మీద కత్తిలా ఉండేది. నిజం చెప్పాలంటే ఒక్కోసారి చిరాకు కూడా వచ్చేది.

తెర మీద ఎర్రర్ కనపడగానే మేము చదవకుండా మళ్లీ ఎంటర్ కొట్టేవాళ్లం. ఆమెకు కోపం వచ్చేది అక్కడే. "మనిషి ఏడ్సుకుంట చెప్తుంటే సగం ఇని లేసి పోతవా? మొత్తం సదువు. అది నిన్ను తిడ్తలేదు, దాని బాధ చెప్పుకుంటున్నది." ఇరవైమందిమి నిలబడి, ఆ ఇంగ్లిషు ఎర్రర్‌ను పద్యంలా పైకి చదివేవాళ్లం. ఇప్పుడు నేను పనిచేసే ఆఫీసులోనూ అట్లాగే చదువుతాను. పక్కవాళ్లు నవ్వుతారు.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుగా అక్క కోసం తెలుగు చదివే ప్రోగ్రాం చేస్తానన్నాను. అక్క డిగ్రీ పాసై, సిరిసిల్లలో అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టేది. బీడీ చుట్టడానికి కళ్లెందుకు, చేతులు చాలు కదా అని వాడకట్టంతా మెచ్చుకునేది. అక్క ఆ మెప్పుకు లోలోపల ఏడ్చేది. ఆమె కంప్యూటర్‌లో ఇంగ్లిషు చదివే ప్రోగ్రాం ఉంది గానీ, తెలుగు వస్తే దానికి నోరు పడిపోయేది. మేడం తన గొంతే ఇచ్చారు. ఒక్కొక్క అక్షరం, ఒక్కొక్క గుణింతం పలికారు. ఫ్యాన్ల చప్పుడు ఉండదని కరెంటు పోయినప్పుడు లాప్‌టాప్ బ్యాటరీ మీద రికార్డు చేసేవాళ్లం. 'ఠ' పలికేటప్పుడు బయట ఎవరిదో స్కూటర్ హారన్ మోగింది. మళ్లీ చేద్దాం అన్నాను. "ఉండనీ, లోకం జరంత ఇనవడాలె" అన్నారు. అందుకే ఆ గొంతులో 'పాఠం' అన్నప్పుడల్లా హారన్ మోగుతుంది.

ఆ ధ్వనుల ముక్కలను ఆగకుండా అతికించడం పైథాన్ వల్ల కాలేదు. ఆ భాష రాయడానికి సులువు, పరుగుకు నిదానం. అందుకని ఆ ఒక్క పనినీ సి భాషలో రాసి, రాసినదాన్ని యంత్రపు భాషలోకి మార్చే కంపైలర్‌తో తయారుచేసి, పైథాన్‌కు తగిలించాం. ఇట్లా తగిలించే ముక్కను ఎక్స్‌టెన్షన్ మాడ్యూల్ అంటారు. ల్యాబ్‌లో అది గడగడా చదివింది. డబ్బా మూత తెరుచుకుంది. సంబరంగా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని సిరిసిల్ల పోయాను. ఆ వెంటనే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, కాలేజీ మూతపడింది.

అక్క కంప్యూటర్‌లో మా మాడ్యూల్ ఆడలేదు. పిలవగానే తెర మీద ప్రోగ్రాం కిటికీ ఒకసారి మెరిసి మాయమయ్యేది. పెన్‌డ్రైవ్‌లో నా దగ్గరున్న కొత్త కంపైలర్ ఎక్కించి అక్కడే మళ్లీ తయారుచేశాను. తయారైంది, పిలిస్తే మళ్లీ మాయం. సరిగ్గా అప్పుడే హైదరాబాదులో చూపులేని పిల్లల హాస్టల్ నుంచి అక్కకు ఫోన్ వచ్చింది. కంప్యూటర్ నేర్పే టీచర్ కావాలి. "బస్సుల్లేవు, మీరు రాలేరు. శుక్రవారం నాలుగింటికి ఫోన్ చేస్తాం. మేం చెప్పింది మీరు కొట్టాలి, మీ కంప్యూటర్ చదివితే మేం వినాలి. లేకపోతే ఇంకొకామె ఉన్నారు" అన్నారు. అక్క ఆ రాత్రి నాతో ఒక్క మాటే అన్నది. "చెల్లె, గీ ఒక్కటి తప్పితే నేను తంబాకు వాసనల్నే ముసలిదాన్నయిత."

మేడంకు ఫోన్ చేసి, మాడ్యూల్ తయారైనప్పుడు తెర మీద పడిన వరుసలన్నీ చదివాను. మొత్తం చదివించుకున్నారు. "ఆమె దాంట్ల ఉన్నది పాత పైథాన్ పిల్లా. దాన్ని ఏ కంపైలర్‌తోని కట్టిండ్రో మన ముక్కను గూడ దాంతోనే కట్టాలె. నువ్వు కొత్తదాంతోని కట్టినవ్. మా నాయిన చెట్టెక్కే మోకు మా చిన్నాయిన నడుముకు పట్టకపోవు. అట్లని మోకు చెడ్డదా, నడుము చెడ్డదా? రెండు కుదరకపోతే తాటిచెట్టు మీదికెల్లి పడేది మనిషి." పాత కంపైలర్ డిస్కు తన ఇంట్లో ఉందన్నారు. సిరిసిల్లలో ఇంటర్నెట్ సెంటర్లన్నీ బందు. తెచ్చే మార్గం చెప్పలేదు, పెట్టేశారు.

శుక్రవారం మధ్యాహ్నం దాటాక మా ఇంటి ముందు స్కూటీ ఆగింది. కొంగుకు పసుపు మరకలు, చేతులు ఉల్లిగడ్డ వాసన. వేములవాడ దగ్గర రోడ్డు మీద సమ్మెవాళ్ల వంటావార్పు జరుగుతోందట. బండిని పోనివ్వం అన్నారట. దిగి, వాళ్లతోపాటు కూర్చుని ఉల్లిగడ్డలు కోశారట. "కోసినంక పొమ్మన్నరు. తిని పో అక్కా అన్నరు. పని కానిది ఎట్ల తింట?" అంటూ సంచిలోంచి డిస్కు తీశారు. అక్క గోడకు ఆనుకుని ఆ మాటలు వింటూ ఉంది.

డిస్కు లోపల పెట్టామో లేదో కరెంటు పోయింది. మా ఊళ్లో కరెంటు పోతే కళ్లతో చూడక్కర్లేదు. మరమగ్గాలు, మా మాటలో సాంచాలు, అన్నీ ఒక్కసారి ఆగుతాయి, చెవులు గింగురుమంటాయి. ఆ నిశ్శబ్దంలో బస్టాండు ముందరి సమ్మె టెంటు మైకు ఒక్కటే వినపడుతోంది. మేడం తల ఎత్తారు. "మైకు దేని మీద నడుస్తున్నది?" అని అడిగి, నా జవాబు వినకుండానే వైర్లు పీకడం మొదలుపెట్టారు.

కంప్యూటర్ డబ్బా, తెర, కీబోర్డు, చిన్న స్పీకర్లు స్కూటీ మీద పెట్టుకుని ముగ్గురం టెంటు దగ్గరికి పోయాం. అక్కడి పెద్దమనిషి సాంచాల కార్మికుడు, తెల్ల తువ్వాల, బొంగురుపోయిన గొంతు. "జనరేటర్ మైకుకే సాల్తలేదమ్మా. మైకు బందు పెడితే ఉద్యమం బందు పెట్టినట్టే గద" అన్నాడు. వెనకనుంచి ఎవరో "సమ్మెల కంప్యూటర్ ఆటలేంది" అని అరిచారు. మేడం వాదించబోయారు. అక్క ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"కాకా, రోజు పొద్దుగాల నుంచి పొద్దుమీకి దాంక మీ మైకే ఇంటున్న. నాకు కండ్లు లేవు, చెవులే ఉన్నయి. నౌకరీలు మనకు రావాలె అని మీరే అంటున్నరు. నాకొకటి వచ్చేటట్టున్నది. నాలుగింటికి ఫోన్ వస్తది, అది అయ్యేదాంక మీ మైకు కరెంటు నాకియ్యుండ్రి."

పెద్దమనిషి తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "బందు పెట్టురా" అన్నాడు మైకాయనతో. "గొంతులు లేవా మనకు, ఉత్తగనే పాడుదాం."

పాత కంపైలర్ ఎక్కడం మొదలైంది. తెర మీద నీలం గీత మెల్లగా నిండింది. ఎక్కింది. మాడ్యూల్ కట్టాం, పిలిచాం. మెరిసి మాయం! గడియారంలో మూడు దాటింది. మేడం మాత్రం తెరకు మొహం ఆనించి, మాడ్యూల్ కట్టినప్పుడు పడిన వరుసలను మొదటి నుంచి పైకి చదవసాగారు. సగంలో ఆగి, నా నెత్తిన చిన్నగా మొట్టారు. కంప్యూటర్‌కు ఒక వరుస ఉంటుంది, కంపైలర్ కోసం ముందు ఎక్కడ వెతకాలి, తర్వాత ఎక్కడ అని. నేను ఎక్కించిన కొత్తదే ఆ వరుసలో ముందు నిలబడి ఉంది. పాతది వచ్చినా పిలుపు కొత్తదానికే పోతోంది.

"తీసేస్త మేడం."

"తీసేయకు, రేపు దాంతోని గూడ పనుంటది. పక్కకు జరుపు, గంతే."

జరుపుతుండగా జనరేటర్ దగ్గింది. తెర వణికింది. మైకాయన టాంకు మూత తీసి చూసి, "పది నిమిషాలు గూడ రాదు మేడం. బంకులు బందున్నయి" అన్నాడు. మేడం వెనక్కి తిరగకుండానే స్కూటీ తాళంచెవి ఆయన వైపు విసిరారు. "దాంట్లకెల్లి గుంజు." కోరుట్లకు ఎట్లా పోతారని అడిగే ధైర్యం ఎవరికీ రాలేదు. ఆయన పైపుతో పెట్రోలు లాగి, ఇంజను నడుస్తుండగానే పోశాడు. పాటలు ఆగిపోయాయి. టెంటు కింద అందరూ లేచి మా వెనక గుమిగూడారు. మాడ్యూల్ మళ్లీ కట్టుకుంటోంది.

ఈసారి కిటికీ మాయం కాలేదు. కానీ చిన్న స్పీకర్లు జనరేటర్ వోల్టేజీకి అప్పటికే మాడి కంపు కొడుతున్నాయి. అప్పుడే ఫోన్ మోగింది. మైకాయన ఒక్క ఉదుటున కంప్యూటర్ వైరును తన మైకు సెట్టుకు గుచ్చాడు. ఫోనులో అవతలి సారు ఒక వాక్యం చెప్పారు. అక్క వేళ్లు కీబోర్డు మీద బీడీ ఆకు మీద నడిచినంత తేలిగ్గా నడిచాయి. బస్టాండు నాలుగు దిక్కులా మేడం గొంతు ముక్కలు ముక్కలుగా మోగింది. "ఈ రో జు పా ఠం మొ ద ల వు తుం ది."

మధ్యలో హారన్.

"అక్కడ ఏదైనా బండి పోతోందా?" అన్నారు సారు.

"ఇయ్యాల బండ్లు ఎక్కడియి సార్, సమ్మె గదా" అన్నది అక్క. అవతల నవ్వు వినపడింది. ఇంకో రెండు వాక్యాలు చెప్పించుకుని, బస్సులు నడవగానే వచ్చి చేరమన్నారు.

జనం చప్పట్లు కొట్టి, కంప్యూటర్‌తో జై తెలంగాణ అనిపించమన్నారు. అక్క తల ఊపి టైపు చేసింది. మైకులో వచ్చింది మాత్రం వేరే. "మే డం పొ ద్ద టి నుం చి ఏ మీ తి న లే దు." టెంటంతా గొల్లున నవ్వింది. పెద్దమనిషి తానే విస్తరాకులో అన్నం, పప్పు తెచ్చి పెట్టాడు. తన గొంతుతో తన మీదే చాడీ చెప్పించినందుకు మేడం అక్క చెవి మెలిపెట్టి, రోడ్డు మీద బాసిపట్లు వేసుకుని కూర్చుని తిన్నారు. ఆమె అంత ఆకలిగా తినగా నేనెప్పుడూ చూడలేదు. ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకున్నారు. తెల్లారి టెంటువాళ్లు తలా ఇంత తెచ్చి స్కూటీలో పెట్రోలు పోశారు.

అక్క ఆ హాస్టల్లోనే ఇప్పుడు పెద్ద టీచరు. పాత కంప్యూటర్ అక్కడే మూలన ఉంది. కొత్త గొంతులెన్ని వచ్చినా అక్షరాలు మొదట దానిమీదే నేర్పుతుంది. 'పాఠం' అన్నప్పుడల్లా పిల్లలు నవ్వుతారు. మేడంను చూడని ఆ పిల్లలకు ఆమె బాగా తెలుసు.

మూడోనాడు కోరుట్లలో పిట్టకు పెట్టే, అంటే పోయిన మనిషి పేరున కాకికి ముద్ద పెట్టే వేళకు ఇద్దరం పోయాం. ఊరి బయట మామిడితోట అంచున విస్తరాకులో అన్నం, పచ్చిపులుసు, ఆమెకు ఇష్టమైన చామగడ్డ కూర పెట్టారు. అందరం దూరం జరిగాం. కాకులు కొమ్మల మీద ఉన్నాయి, దిగలేదు. ఎండ ముదిరింది. మేడం తమ్ముడు చేతులు జోడించి, "అక్కా, నీ పిల్లలను నేను సూసుకుంట, నువ్వు తిను" అన్నాడు. కాకి రాలేదు. ఆడవాళ్లు ఏడుపు అందుకున్నారు. "ఏం మనసుల పెట్టుకున్నదో" అని ఎవరో అన్నారు.

అక్క నా చెయ్యి విడిపించుకుని రెండడుగులు ముందుకు వేసింది. ఎటు చూడాలో తెలియక ఆకాశం వైపు మొహం పెట్టింది. నా నోట ఎన్నోసార్లు విన్న మాటే, ల్యాబ్‌లో మేం చెప్పినట్టే, గట్టిగా చెప్పింది.

"మేడం, అందరియి ఆడినయి. ఎర్రర్ ఏం రాలేదు. ఇగ డబ్బా తెరువుండ్రి."

నేను కొమ్మల వైపే చూస్తున్నాను. అక్క మాత్రం మొహం కిందికి దించి, విస్తరాకు వైపు చెవి ఒగ్గింది.

"చెల్లె, ఆకు కదిలింది."