తేలు కుట్టే కాయిల్

గౌలిపురాలో మా పాతకాలపు కారు బాగుచేసే మెకానిక్‌ను ఉస్తాద్ అనేవాళ్లం. ఇంజన్‌కు నిప్పురవ్వ అందించే కాయిల్ మంచిదో కాదో ఆయన మీటరుతో చూసేవాడు కాదు. ఇంజన్ తిరిగేలా నాతో కారు ముందున్న హ్యాండిల్ తిప్పించి, కాయిల్ తీగ కొసను వేలికి ఆనించుకుని, షాక్ తిని చెప్పేవాడు.

ఒక మే నెల మధ్యాహ్నం, నొప్పులు పడుతున్న నా భార్యను ఆసుపత్రికి తీసుకెళ్తుంటే కారు ఆయన దుకాణం ముందే ఆగిపోయింది. కాయిల్ కాలిపోయింది. ఆయన దగ్గర పాతవి రెండే ఉన్నాయి.

"ఏదో ఒకటి పెట్టు భాయ్!" అని అరిచాను.

"తప్పుది పెడితే తొవ్వల మళ్ల ఆగుతది సాబ్. తిప్పు."

వెనక సీటులోంచి ఆమె, "అన్నా, నా వల్ల కావడం లేదు," అంది.

మొదటిది పట్టుకుని, "చీమ కుట్టినట్టున్నది," అని అవతల పడేశాడు. రెండోదానికి భుజం దాకా అదిరిపడ్డాడు. "తేలు, చెల్లె! కానీ వేడెక్కినంక గిట్లనే కొడ్తదా? ఇంకోసారి తిప్పు సాబ్." అలా నాలుగుసార్లు తిప్పాను. పదిహేను నిమిషాలు పట్టిందని నా డైరీలో ఉంది.

కారు దారిలో ఆగలేదు. ఆయనా మాతోనే వచ్చాడు. ఆడపిల్ల పుట్టింది. ఎత్తుకోమని అందిస్తే కుడిచేయి వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"వద్దు సాబ్. ఇంకా వణుకుతున్నది. పడేస్త."