మామ్మ చెవికి వినబడేలా

మా హైస్కూలు మలికిపురానికి దగ్గరే. ఎనిమిదో తరగతికి మొదటి పీరియడు సైన్సు నాది. ఆ ఏడు ఒక అమ్మాయి ఆ పీరియడు సగం అయ్యాక గానీ వచ్చేది కాదు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, "రావచ్చాండి?" అని మెల్లగా అడిగేది.

"ఇవాళ కూడానా అమ్మా?"

"కొళాయి ఆలస్యంగా వచ్చిందండి."

వాళ్ళ నాన్న కువైట్‌లో డ్రైవరు. అమ్మ తెల్లవారకముందే రొయ్యల షెడ్డు వ్యాను ఎక్కుతుంది. ఇంట్లో మిగిలేది చూపు ఆనని మామ్మ. మా వైపు బోరు నీళ్ళు ఉప్పన, తాగడానికి పంచాయతీ కొళాయే దిక్కు. డ్రమ్ము నిండగానే కొళాయి కట్టకపోతే కింది ఇళ్ళకు నీళ్ళు అందవు. నిండిందో లేదో మామ్మకు కనబడదు. అందుకని పిల్ల కాపలా ఉండాలి.

రోజూ అందరి ముందూ ఇలా నిలబడేకంటే బడి మానేస్తానని వాళ్ళమ్మతో అందని తెలిసింది. ఆ వారం ప్రార్థన కూడికలో ఆ పిల్లను దేవుని ముందు పెట్టాను. మోకాళ్ళ మీంచి లేస్తుంటే, అడిగినదానిలో నా వంతు పని కూడా ఉంటుంది కదా అనిపించింది.

మర్నాడు పాఠం పక్కన పెట్టి, ఒక ఇంట్లో ఇలాంటి ఇబ్బంది ఉందనుకోండి, ఏం చేస్తారు అని తరగతిని అడిగాను. ఎవరిల్లో అందరికీ తెలుసు.

"మామ్మగారికి కళ్ళజోడు కొంటే పోదాండి?" అన్నాడొకడు.

"పెట్టుకుంటే కదా," అంది ఆ అమ్మాయే. "చూపు లేదు గానీ చెవులు భలేగా పనిచేస్తాయండి. ఎదురింట్లో గుసగుసలాడినా వినేసి, మాకు చెప్పేస్తుంది."

తరగతంతా నవ్వింది. అయితే చప్పుడు చేసేదే కావాలని వాళ్ళే తేల్చారు. పాడైన బొమ్మ కారులోంచి బజర్ తీశారు. బ్యాటరీకి కలిపి, రెండు వైర్ల కొసలు బకెట్ అంచు దగ్గర కట్టారు. నీళ్ళు పోస్తే, కొసలు తడవగానే బజర్ కీచుమంది. అందరం చప్పట్లు కొట్టాం.

ఆదివారం ఆరాధనకు వెళ్తూ వాళ్ళింటి దగ్గర ఆగాను. వైర్లు డ్రమ్ముకు అమర్చి ఉన్నాయి. కొళాయి వచ్చింది, డ్రమ్ము నిండింది, వైర్లు మునిగాయి. బజర్ మాత్రం పలకలేదు. నీళ్ళు పొర్లి వాకిట్లోకి వచ్చేశాయి. పిల్ల పరుగెత్తి కొళాయి కట్టి, నా వైపు తిరగకుండా అక్కడే నిలబడిపోయింది.

మామ్మ అరుగు మీంచి అంది: "ఇవన్నీ ఎందుకండీ టీచరుగారూ, కొళాయి వేళకి వదిలించమని మీ దేవుడికి చెప్పకూడదా?"

"చెబుతూనే ఉన్నానండి," అన్నాను.

సోమవారం ఆ బజర్నే బడి బకెట్లో పెడితే మళ్ళీ మోగింది. అందరం తెల్లబోయాం. ఆ అమ్మాయి బకెట్లో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"ఇవి బోరు నీళ్ళండి."

ఉప్పునీళ్ళలో కరెంటు బాగా పారుతుంది, మంచినీళ్ళలో అంతగా పారదు. పాఠంగా అందరికీ తెలిసిందే. కానీ మాకు బకెట్లో నీళ్ళంటేనే ఉప్పన. వేరే రకం ఉంటాయన్న తలంపే రాలేదు. ఉప్పు గురించి మందిరంలో చిన్నప్పటి నుంచి ఎన్ని ప్రసంగాలు విన్నానో. ఆ రోజు పాఠం మాత్రం ఆ పిల్ల వేలి కొసన ఉంది.

డ్రమ్ములో ఉప్పు వేద్దామంటే మామ్మ ఒప్పుకోలేదట. "తాగే నీళ్ళలో ఉప్పేస్తే ఇంక కొళాయెందుకే, బోరే ఉందిగా," అందట. అదీ నిజమే. పిల్లలు మళ్ళీ బొమ్మలు గీశారు. చివరికి డ్రమ్ము అంచు కింద చిన్న బెజ్జం పెట్టి, దాని కింద బయట ఒక కొబ్బరి చిప్ప వేలాడదీశారు. చిప్పలో గుప్పెడు ఉప్పు, ఉప్పులో రెండు వైర్లు. డ్రమ్ము నిండితే నీళ్ళు బెజ్జంలోంచి చిప్పలో పడి, ఉప్పు కరిగి బజర్ మోగుతుంది. తాగే నీళ్ళకు ఉప్పు అంటదు.

మర్నాడు ఆ అమ్మాయి గంట కొట్టకముందే వచ్చి కూచుంది. కానీ పాఠం వినలేదు. మాటిమాటికీ కిటికీ వైపు చూసింది. నేనూ పెద్దగా చెప్పలేదు. బోర్డు వైపు తిరిగి, నోటిలోనే ప్రార్థన చేసుకున్నాను. మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తి, రొప్పుతూ వచ్చింది.

"నిండిందా అమ్మా?"

"ఆయ్. మామ్మ కట్టేసిందండి. ఆ బజర్ పిట్ట అరిచినప్పుడల్లా ఉప్పు తనే మారుస్తుందటండి. నన్ను ముట్టుకోవద్దంది."

మర్నాటి నుంచి ఆ అమ్మాయి రోజూ ముందు వరసలో కూచునేది.