బదులు జెండా

మొన్న గోదావరికి వరద వస్తోందని సెల్‌ఫోను కుయ్యిమంది. చదివి జేబులో పెట్టుకుని చాయ్ తాగబోతే, అరవై ఏళ్ల పైచిలుకు కిందట ఎర్రజెండాను చూసి కూడా పోల్చుకోలేకపోయిన నా నిర్వాకం గుర్తొచ్చి, గ్లాసు పక్కన పెట్టేశాను.

నిజాం సర్కారు పోయి, కొత్త రాష్ట్రం ఇంకా రాని రోజులవి. కరీంనగర్ వైపు ఒడ్డున ఉన్న మా ఊరి బడిలో నేను కొత్త పంతులును. ఏరు పెరిగితే ఎగువ ఊరివాళ్లు గడకు ఎర్రగుడ్డ కట్టి ఎత్తేవారు; అది చూసి ఎదుట ఆదిలాబాద్ వైపు ఊరు, వాళ్లను చూసి మేము, మమ్మల్ని చూసి దిగువవాళ్లు ఎత్తేవారు గనుక కబురు నీళ్లకంటే ముందు పరుగెత్తేది. బదులు జెండా లేచేదాకా ఎత్తినవాళ్లు ఒడ్డు విడవకూడదన్నది కట్టుబాటు. బడి ఏటిగట్టు మీదే కనుక మా ఊరి జెండా నా చేతికొచ్చింది, దానితో పాటు కాస్త గర్వమూ వచ్చింది.

ఆ ఏడు పీర్ల పండుగ వానల్లో పడింది. అవతల ఎర్రగుడ్డ లేస్తే పీర్ల జెండా అనుకుని, బుద్ధిగా దండం కూడా పెట్టుకుని, పిల్లలకు ఎక్కాలు చెప్పుకుంటూ కూర్చున్నాను. మా వదినేమో ఏటి నడుమ దిబ్బ మీద గడ్డి కోస్తోంది.

అవతల జెండా పట్టే ముసలి సాయిబును రెండూళ్లవాళ్లమూ చిచ్చా అనేవాళ్లం. మా జెండా ఎంతకీ లేవకపోయేసరికి ఆయన సంగతి పసిగట్టి, పీర్ల ముందు మోగుతున్న డప్పులను ఏటి ఒడ్డుకు తెచ్చి చావుదరువు వేయించాడు. పండుగపూట ఇదేం దరువని మా బాపు ఉరికొచ్చాడు; పీర్ల జెండా లేచిందిగా అని నేనంటే, అవతలికి చూసి అరిచాడు.

“గది పీర్ల జెండ గాదురా, ఏరొస్తుంది! మీ వదినేది?”

నేను దిబ్బ వైపు చెయ్యి చూపించాను. అందరం అరిచిన అరుపులకు వదిన గడ్డిమోపు వదిలేసి, మెడలోతు నీళ్లలో బాపు విసిరిన తాడు పట్టుకుని బయటపడింది. కాసేపటికి దిబ్బ కనబడలేదు. నేను జెండా ఎత్తాకే అవతల డప్పులు ఆగాయి.

తరువాత రెండూళ్ల పెద్దలు కూర్చుని వరదకు తెల్లగుడ్డ అని మార్చుకున్నారు. వదినేమో ఎక్కడ ఎర్రచీర ఆరేసి కనబడినా, “ఏంది పంతులూ, గిది గూడ పీర్ల జెండేనా?” అని బతికున్నన్నాళ్లూ ఆటపట్టించింది, పైకి నవ్వేవాణ్ణి గాని లోపల సిగ్గుతో చచ్చేవాణ్ణి.

ఇప్పుడు వరదకు రెండు రోజుల ముందే కబురొస్తోంది, మంచిదే, కాదనను. కానీ ఇవతల జెండా లేవలేదని గాబరాపడ్డ ఒక మనిషి వల్లే మా వదిన ఆ తరువాత పండు ముసలయ్యేదాకా బతికింది. మొన్న ఆ సందేశానికి ‘చూశాను’ అని బదులు పంపబోతే, దానికి బదులు పోదు తాతా అంది మనవరాలు.