అలసట రానివ్వని పొడి

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో అలసిపోని మనిషి కనబడేవాడు కాదు. ధర్నాల్లో కూర్చునేవాళ్లు కూర్చుని అలసిపోయేవారు, దుకాణాలవాళ్లు షట్టర్లు దించీ ఎత్తీ అలసిపోయేవారు, పరీక్షల తేదీల కోసం చూసి చూసి మా కోచింగ్ సెంటర్ల పిల్లలం అలసిపోయేవాళ్లం. డిగ్రీ అయిపోయి కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న నాకు వీటన్నిటిపైన పరుగు అలసట ఒకటి. (నా పొడుగు చూసి మా నాన్న నన్ను పోలీసుల్లోకి పొమ్మన్నాడు; నా ఊపిరి సంగతి ఎవరూ చూడలేదు.) నాతోపాటు పరిగెత్తేది గుంటూరక్క. హాస్టల్లో ఉంటూ అదే పరీక్షకు చదువుతుండేది. ఆమె పరిగెత్తుతూ కూడా కబుర్లు చెప్పగలదు. నేను ఆగి నిలబడినా జవాబు చెప్పలేను. "వయసు దాటిపోతోందే, నాకు ఇదే ఆఖరుసారి" అన్న మాట ఒక్కటి మాత్రం ఆమె పరుగు ఆపి చెప్పింది.

మా చిన్నమామ, అంటే అమ్మ తమ్ముడు, మన్సూరాబాద్‌లో ఒక షట్టర్ కిరాయికి తీసుకుని జిమ్ము పెట్టాడు. పెట్టిన వేళ ఎట్లాంటిదో గానీ, వస్తారనుకున్న పిల్లలంతా రాస్తారోకోలకు పోయారు. మామ కూడా మధ్యాహ్నం దాకా జిమ్ములో ఈగలు తోలుకుని, సాయంత్రం ధర్నాకు పోయేవాడు. జిమ్ములో మిగిలినవల్లా అద్దాలు, ఇనుము, గోడవారన పేర్చిన పొడి డబ్బాలు. ఒకరోజు మా ఇద్దరినీ పిలిచి, ఎర్రటి పొడి నీళ్లలో కలిపి ఇచ్చాడు.

"తాగున్రి. గీ పొడి పడ్డదంటె అలసట అన్నది రమ్మన్నా రాదు. దీంట్ల ఏమున్నదో తెలుసా? బేటా అల్లం!" అన్నాడు డబ్బా మీది అక్షరాలు కూడబలుక్కుంటూ.

"అల్లమైతే మా ఊళ్లోనే పండుతుంది కదండీ అన్నయ్యగారూ," అంది గుంటూరక్క. తర్వాత తనూ చదివి, అది బీటా అలనిన్ అని తేల్చింది. తేల్చినా ఏమిటో మా ముగ్గురికీ తెలియదు.

తాగిన కాసేపటికి నా చెవులు చిమచిమలాడాయి. తర్వాత బుగ్గలు, మెడ, చేతులు. ఒళ్లంతా చీమలు పాకుతున్నట్టే. రోడ్డు మీద ఇద్దరం ముఖాలు గోక్కుంటూ పరిగెత్తుతుంటే పాలప్యాకెట్ల ఆయన సైకిల్ ఆపి మరీ చూశాడు. "ఇది బలం పొడా, దురదగొండి పొడా?" అని అక్క తిట్టింది. మామ మాత్రం పొంగిపోయాడు. "గదే బిడ్డా బలం! లోపల్నుంచి తన్నుకొస్తున్నది."

నేను నమ్మాను. ఆ చీమలు పాకిన రోజున నిజంగానే తక్కువ రొప్పుతున్నట్టు అనిపించేది. అక్కకు అనుమానం తీరలేదు. ఒక వారం నాకు తెలియకుండా సీసాలో ఎర్రరంగు వేసిన గ్లూకోజు కలిపి ఇచ్చింది. ఆ వారమే నేను మామతో, "మామా, ఇప్పుడు చీమలు కూడ లెవ్వు, ఒళ్లు అలవాటు పడ్డది, ఎంత ఉరికినా అలుపే వస్తలేదు," అని గొప్పగా చెప్పాను. అక్క పడీ పడీ నవ్వి అసలు సంగతి బయటపెట్టింది. మామ నవ్వలేదు. తువ్వాలు తీసి శుభ్రంగానే ఉన్న అద్దాన్ని మళ్లీ తుడిచి, "జర ఎవ్వరికీ చెప్పకున్రి," అన్నాడు. ఆ గొంతు విన్నాక అక్క నవ్వు కూడా ఆగిపోయింది. మర్నాటి నుంచి మేమిద్దరం ఆయన ఎదుట ఆ ఎర్రనీళ్లు కిక్కురుమనకుండా తాగాం.

పరుగు పరీక్ష రోజే బంద్ పడింది. ముందురోజే అక్క మన్సూరాబాద్‌లోని మా ఇంటికి వచ్చేసింది. పొద్దున్నే మామ చేతి నీళ్లు (ఆవేళ ప్రేమ కొద్దీ గట్టిగానే కలిపాడు) సీసాలో పట్టుకుని, బస్సుల్లేక దిల్‌సుఖ్‌నగర్ అవతలి మైదానం దాకా నడిచాం, దారి చివర్లో తాగాం. గేటుకు తాళం. పరీక్ష వాయిదా అని ఒక కాగితం. అక్క దాన్ని చాలాసేపు చదివింది, రెండు ముక్కలే ఉన్నా. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడే ముఖం మీద చీమలు మొదలయ్యాయి. ఏడవడానికీ గోక్కోవడానికీ రెండు చేతులూ చాలడంలేదు.

"పద, ఇంటిదాకా పరిగెత్తుదాం. ఇది ఒంట్లో పెట్టుకుని నడవలేనే," అంది.

ఎప్పుడూ లారీలతో, బస్సులతో కిటకిటలాడే రోడ్డు ఆవేళ మా ఇద్దరిదే. జీవితంలో అంత బాగా ఎన్నడూ పరిగెత్తలేదు. ఎల్బీ నగర్ చౌరస్తాలో జనం రోడ్డు మీద కూర్చుని ఉన్నారు. ట్రాక్ ప్యాంట్లు వేసుకుని, ఎర్రబడ్డ ముఖాలతో దూసుకొస్తున్న మమ్మల్ని చూసి ఎవరో "లాఠీచార్జి!" అని అరిచారు. అంతే, చెప్పులొకచోట, మనుషులొకచోట. సగంమంది మాకంటే ముందు పరిగెత్తుతున్నారు. ఒక పెద్దాయన నా పక్కనే రొప్పుతూ, "ఎవలు తరుముతున్రు బిడ్డా?" అన్నాడు. "ఎవలు లేరు తాతా, పొడి!" అన్నాను. ఆయనకేం అర్థమైందో గానీ ఇంకా వేగం పెంచాడు.

ఆ గుంపులోనే ఉన్న మామ ఒక్కడు కదల్లేదు. రెండు చేతులూ ఎత్తి, "చూసిన్రా! ఎట్ల ఉరుకుతున్రో చూసిన్రా!" అని కేకలు పెట్టాడు. వెనక ఎవరూ లేరని తెలిసి జనం ఆగారు, మమ్మల్ని చుట్టుముట్టారు. అక్క దండం పెట్టి, "క్షమించండి, ఎవరూ రావడం లేదండీ, మేం ఊరికే పరిగెత్తుతున్నామండీ," అంది. ఆ 'అండీ'లు విని కొన్ని ముఖాలు బిగుసుకున్నాయి. "ఏ ఊరమ్మా మీది?" అన్నాడొకడు. అక్క నోరు తెరవకముందే మామ అడ్డమొచ్చాడు. "ఏ ఊరైతేంది? నా చెల్లె. జర నీళ్లియ్యున్రి ముందుగాల." పెద్దాయన సీసా అందించాడు. అక్క తాగుతూ తాగుతూ ఏడ్చేసింది.

వారం తిరక్కుండానే ఆమె అన్న వచ్చి ఊరికి తీసుకుపోయాడు. "తేదీ చెప్పగానే వస్తానే," అని కారులోంచి అరిచింది. తేదీ చెప్పారు. ఆవేళ ఇటు బంద్ లేదు, అటు ఉంది. వాళ్ల వైపు విభజన వద్దని బస్సులు ఆపేశారు. మైదానంలో నా పక్కన పరిగెత్తింది ఎవరో తెలియని అమ్మాయి. ఒక్క మాటా మాట్లాడలేదు. పరుగు నెగ్గాను. గీత దాటి కూలబడి వెక్కివెక్కి ఏడిస్తే, సంతోషం పట్టలేక ఏడుస్తోందని ఒక పోలీసమ్మ భుజం తట్టింది. రాతపరీక్షలో పోయాను. మామ జిమ్ము మూసి మెస్సు పెట్టాడు.

ఆ చీమలకూ బలానికీ సంబంధం లేదని, ఆ బీటా అలనిన్ కొందరి ఒంటిని అట్లా చిమచిమలాడిస్తుందని చాలా ఏళ్ల తర్వాత ఒక డాక్టరమ్మ చెప్పింది. పొడిలో అప్పటికప్పుడు కాస్తోకూస్తో పనిచేసేది కెఫీనట, అంటే హాస్టల్ కింద చాయ్‌లో ఉండేదే. ఇప్పుడు మెట్రో మెట్లు ఎక్కుతూ సగంలో ఆగినప్పుడు, ఒక రోడ్డెడు జనాన్ని పరిగెత్తించిన ఆ పొడుగుపిల్ల గుర్తొస్తుంది. పక్కన ఎవరైనా కబుర్లు చెబుతూ ఎక్కితే తక్కిన సగం ఎక్కేస్తానేమో అనుకుని, నాలో నేనే నవ్వుకుని, రెయిలింగ్ పట్టుకుంటాను.